కొలతకు వదిలిన దిమ్మ

బ్రాడీపేటలో పద్దెనిమిదేళ్ళపాటు పిల్లలకి ఘనపరిమాణం చెప్పాను. పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ లోతు. ఇంజనీరింగ్ సీటు కోసం వచ్చినవాళ్ళకి ఇంత చిన్న సంగతి కూడా నేనే చెప్పాలా అని రోజూ విసుక్కునేవాణ్ణి. మా కోచింగ్ సెంటర్లో నా కోపానికి పేరుంది. నేను చాక్‌పీసు విసిరితే గురి తప్పేది కాదు. అంతటివాణ్ణి, ఒక గుంత లోతు తెలుసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని నా చేతులతో తవ్వి పారేశాను. పంతొమ్మిది మంది వారం రోజుల కష్టానికి ఎసరు పెట్టాను. ఆ తరవాత వాళ్ళు నన్నేం చేశారో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కరోనా వచ్చిన మార్చిలో మా సెంటరు మూసేశారు. రెండు వారాల సెలవే అన్నారు యజమాని. ఏప్రిల్లో సగం జీతం వచ్చింది. మే నెలలో ఆయన ఫోనెత్తడం మానేశారు. ఆన్‌లైన్లో లెక్కలు చెప్పడానికి ఇద్దరు చాలన్నారు, ఆ ఇద్దరిలో నేను లేను. కెమెరా ముందు నేను కేకలేస్తే పిల్లలు సౌండు తీసేసుకుని కూర్చుంటారని ఎవరో చెప్పారట. అది నిజమే కావచ్చు గాని, విన్నప్పుడు ఒళ్ళు మండిపోయింది. అద్దె కట్టే దారి లేక, మా ఆవిడ, నేను, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి సామాను ఒక చిన్న ట్రక్కులో వేసుకుని పొదిలి దగ్గర మా అత్తగారి ఊరు చేరాం. నలభై ఏడేళ్ళ వయసులో నేను ఇల్లరికం వెళ్ళానన్నమాట.

మా అత్తయ్య ఒక్కతే ఉండే ఇల్లు అది. రెండు గదులు, ముందు రేకుల పంచ. "వచ్చారా, కాళ్ళు కడుక్కోండి" అందే తప్ప, ఎన్నాళ్ళుంటారని అప్పుడూ అడగలేదు, ఆ తరవాతా అడగలేదు.

గుంటూరులో ఉండగా మాకు బియ్యం కార్డు ఉండేది గాని ఆ బియ్యం దోసెల పిండికే వాడేవాళ్ళం. కొన్ని నెలలు తెచ్చుకునేవాళ్ళం కూడా కాదు. "ఆ బియ్యం ఎవరు తింటారండీ?" అని స్టాఫ్‌రూములో ఒకసారి నేనే అన్నాను. ఇప్పుడు అవే బియ్యం కోసం డిపో ముందు, సున్నంతో గీసిన గుండ్రాల్లో ఒకదాంట్లో సంచీ పట్టుకుని నిలబడ్డాను. మాస్కు ఉంది గదా, నన్నెవరూ పోల్చుకోరని ధైర్యం. పక్క గుండ్రంలోంచి ఒక ముసలామె, "ఏం అల్లుడుగారూ, ఎండలో నిలబడ్డారు? సంచీ మీ గుండ్రంలో పెట్టి నీడకి రాండి, నేను చూత్తంటాగా" అని అరిచింది. క్యూ మొత్తం నావైపు తిరిగింది. ఊళ్ళో అల్లుడన్నాక మాస్కు కాదు గదా, ముసుగేసుకున్నా దాగడని అప్పుడే తెలిసింది.

ఆ రోజు ఉచితంగా బియ్యమూ శనగలూ ఇచ్చారు. అత్తయ్య గంజి వార్చి అన్నం వండింది. మెతుకు లావుగానే ఉంది. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్క. మా అమ్మాయి రెండోసారి పెట్టించుకుంది. నేను మూడోసారి పెట్టించుకున్నాను. ఎవరు తింటారండీ అన్న నోటితోనే తిన్నాను, కడుపు నిండింది. అప్పుడు సిగ్గు వేసింది గాని, సిగ్గు కంటే పెద్దగా ఒక నిశ్చింత కలిగింది. పిల్ల పస్తుండదు.

ఒకటో తారీకు పొద్దున్నే వాలంటీరమ్మాయి తలుపు తట్టి అత్తయ్య చేత వేలిముద్ర వేయించుకుని పింఛను ఇచ్చి వెళ్ళేది. ఆ డబ్బుతోనే మా అమ్మాయి ఫోన్లో డేటా వేయించేవాళ్ళం, దాంతోనే దాని పాఠాలు నడిచేవి. ఇంకో సంగతి. ఎసట్లో బియ్యం పోసే ముందు అత్తయ్య ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న కుండలో వేసేది. మా చర్చిల్లో ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. కుండ నిండితే గుడికి, అంటే ఆ చర్చికే ఇస్తారు, అక్కణ్ణుంచి లేనివాళ్ళకి వెళుతుంది. అప్పుడు గుడి మూసి ఉంది. అయినా ఆవిడ చెయ్యి ఆగలేదు. నాకు చిర్రెత్తింది.

"ఉచితంగా ఇచ్చిన బియ్యంలోంచి మళ్ళీ దానమేమిటి అత్తయ్యా? ఆ లేనివాళ్ళం మనమేగా!" అన్నాను.

"ఇచ్చింది మనకొక్కళ్ళకేనా నాయనా?" అని ఇంకో పిడికెడు వేసింది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

బియ్యం వచ్చాయి సరే, నూనె, పప్పు, మందులు ఎక్కణ్ణుంచి వస్తాయి? మా ఆవిడ ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. నన్నొక మాటైనా అడగకుండా సచివాలయానికి వెళ్ళి ఉపాధి పనికి కార్డు పెట్టించింది. అందులో నా పేరు కూడా రాయించింది. కార్డు చేతికొచ్చాక మర్నాడే పనికి బయల్దేరింది. నేను రెండు రోజులు ఇంట్లోనే కూర్చున్నాను. ఎమ్మెస్సీ చదివి తట్ట మోయనా అని ఎవరూ వినకుండా గొణుక్కున్నాను. మూడో రోజు పొద్దున ఆవిడ అరచేతులకి పసుపు రాసుకుంటుంటే చూశాను. ఏమీ మాట్లాడలేదు ఆవిడ. ఆ మాట్లాడకపోవడానికే లేచి తలకి తువ్వాలు చుట్టుకున్నాను.

ఊరికి మైలు దూరంలో, మిరప చేలు దాటాక ఊటకుంట తవ్వుతున్నారు. వానాకాలం నీళ్ళు అందులో నిలిచి భూమిలోకి ఇంకితే చుట్టుపక్కల బోర్లు బతుకుతాయి. ఒక్కో గ్రూపుకి ఒక్కో ముక్క కేటాయించారు. మా గ్రూపులో మాతో కలిపి ఇరవై మందిమి, ఎక్కువగా ఆడవాళ్ళు. గ్రూపుని నడిపే ఆవిడ మా ఆవిడకి పిన్ని వరస. నేను చిన్నత్తయ్య అనాలి గాని, అందరూ మేటమ్మ అంటారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. యాభై దాటిన మనిషి. ఆ గొంతు గుంత ఈ కొస నుంచి ఆ కొసకి మైకు అక్కర్లేకుండా వినబడేది. పొద్దున్నే అందరం కళ్ళు మూసుకుంటే నాలుగు ముక్కల్లో ప్రార్థన చేసేది. "తండ్రీ, ఎవరికీ కాళ్ళమీద గడ్డపార పడకుండా చూడు, ఎండ తగ్గించు, ఆమెన్." ఆ వెంటనే "ఇంక లేవండే" అని కేక.

మొదటివారం నేను ఏ పనికీ కొరగాలేదు. గడ్డపార వేస్తే నేల నన్నే వెనక్కి తోసేది. గడ్డపార మాన్పించి తట్టలు అందించే పని ఇచ్చారు. అందులోనూ పదింటికల్లా కూలబడేవాణ్ణి. "అల్లుడుగారికి మజ్జిగ పోయండే, వాడిపోయారు" అని ఒకరు, "బావా, బోర్డు మీద రాసినంత తేలిక కాదా?" అని మా ఆవిడకి చెల్లెలి వరసైన ఒక పిల్ల. నవ్వుతాలుకే గాని, నాకు గుచ్చుకునేది. అంతకంటే గుచ్చుకున్న సంగతి రెండోవారం తెలిసింది. కూలి మనిషి హాజరును బట్టి రాదు. వారం చివర ఎంత మట్టి తీశామో కొలిచి, దాన్నిబట్టి వచ్చిందాన్ని అందరికీ సమంగా వేస్తారు. అంటే నేను కూలబడినప్పుడల్లా మిగతా పంతొమ్మిది మంది కూలి తరుగుతుంది. ఈ సంగతి తెలిసే వాళ్ళు నన్ను గ్రూపులో చేర్చుకున్నారు. ఏ గ్రూపూ వద్దంటే కార్డు ఉండీ లాభం లేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

ఆ బాకీ తీర్చుకోవాలనిపించింది. శుక్రవారం తెల్లవారుతుండగానే ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే గుంత దగ్గరికి వెళ్ళాను. చల్లగా ఉంది. మా ముక్క మధ్యలో రెండు మట్టి దిమ్మలు నిలబడి ఉన్నాయి, నా నడుమెత్తు ఒకటి, మోకాలు దాటి ఒకటి. పైన ఎండుగడ్డి కూడా అలాగే ఉంది. చుట్టూ అంతా తవ్వి ఈ రెండూ ఎందుకు వదిలేశారు? గట్టిగా ఉన్నాయని బద్ధకించి ఉంటారు, ఆడవాళ్ళు పాపం అనుకున్నాను. గంటన్నరపాటు గడ్డపారతో కుమ్మాను. అరచేతుల్లో బొబ్బలు చిట్లాయి. రెండు దిమ్మల్నీ నేలమట్టం చేసి, ఆ మట్టంతా గట్టుమీద పోసి, అడుగు చదును చేశాను. జామెట్రీ పుస్తకంలో బొమ్మలా ఉంది గుంత. జీవితంలో మొదటిసారి ఒళ్ళు వంచి ఒక పని పూర్తి చేశానని లోలోపల చంకలు గుద్దుకుంటూ గట్టుమీద కూర్చున్నాను.

ఆరున్నరకి అందరూ వచ్చారు. మేటమ్మ గుంతలోకి చూసి ఆగిపోయింది.

"అల్లుడుగారూ, ఈడ దిమ్మలుండాలే. ఏమైనయ్యి?"

"నేనే తీసేశాను చిన్నత్తయ్యా. అబ్బో, ఎంత గట్టిగా ఉన్నాయో! మీకెందుకులే శ్రమ అని..."

మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. గ్రూపులో పొడుగాటి మనిషి ఒకావిడుంది, నోరు కూడా అంత పొడుగే. ఆవిడ తట్ట కింద పడేసింది.

"ఓర్నాయనో! కొలత తవ్వి గట్టుమీద పోశాడే ఈయన! రేపు సారొచ్చి దేన్ని కొలుత్తాడు? నీ నెత్తినా?"

మేటమ్మే నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఆ ముక్కలో నేల మొదట సమంగా లేదు, నడుమ ఎత్తు, అంచుల్లో పల్లం. తవ్వకముందు నేల ఎంత ఎత్తుందో చూపించడానికే మధ్యలో దిమ్మలు వదిలారు. పైన గడ్డి అందుకే అలా ఉంచారు. శనివారం కొలతల సారొచ్చి దిమ్మ పైనుంచి అడుగు దాకా టేపు పెడతాడు. అదే లోతు. దిమ్మ లేకపోతే అంచులో కొలుస్తాడు, అక్కడ సగం కూడా ఉండదు.

పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ లోతు. ఆ లోతును గంటన్నరసేపు బొబ్బలెక్కేలా తవ్వి పారేసింది నేను. తల కొట్టేసినట్టయింది.

"దిమ్మ ఎత్తు నాకు గుర్తుంది, నడుము దాకా ఉంది. మళ్ళీ మట్టి పోసి కట్టేద్దాం" అన్నాను. అంత దిక్కుమాలిన ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

"కట్టిన దిమ్మ మీద గడ్డెట్టా మొలుసుద్ది అయ్యా రేపటికల్లా?" అంది మేటమ్మ. "వద్దులే. దొంగపని మనకొద్దు. పార్లు పట్టండే, పొద్దెక్కుతోంది."

ఆ రోజంతా ఎవరూ నన్ను బావా అనలేదు, మజ్జిగ తాగమనలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడని ఒక్కటే అడిగాను, "నన్ను తీసేస్తారా?" అని. "తీసేస్తే కాదనడానికి నాకు నోరుందా?" అంది. నాతో పాటు ఆవిణ్ణి కూడా తీసేస్తే ఇంట్లో మిగిలేది బియ్యమూ, అత్తయ్య పింఛనూ. ఆ పింఛను మీద నలుగురం పడాలి.

శనివారం కొలతల సారు మోటారుసైకిలు మీద వచ్చాడు. దిమ్మలేవీ అన్నాడు. నేను ముందుకెళ్ళి, ఒకపక్క వాలు, ఇంకోపక్క వాలు తీసుకుని మధ్యలో ఎత్తు లెక్కగట్టవచ్చని, సూత్రం కూడా ఉందని మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "లెక్క సరే మాస్టారూ, నేను పుస్తకంలో రాయాలంటే నా టేపు దేన్నైనా తాకాలి గదా" అన్నాడు. పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పినా ఎవరూ నా నోరు అలా మూయించలేదు. ఆయనదీ తప్పు కాదు.

"ఎవరు తీశారు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మేటమ్మ అందుకుంది. "మా కొత్తాయన తెలవక తీశాడు సార్. తప్పు ఆయనది కాదు, మాదే. లెక్కల మాస్టారు గదా, కొలత సంగతి ఆయనకి మనం చెప్పేదేందిలే అనుకున్నాం. చెప్పాల్సింది. చెప్పలేదు. అంచులోనే కొలిచి రాసుకోండి."

పొడుగావిడ వైపు చూశాను. ఇప్పుడు విరుచుకుపడుతుంది అనుకున్నాను. ఆవిడ సారు టేపు రెండో కొస పట్టుకుని, "గట్టిగా లాగండి సార్, అరంగుళం కూడా పోనీయను" అంది. నా పేరెత్తలేదు. ఆయన అంచులోనే కొలిచి రాసుకున్నాడు. తరవాత బ్యాంకులో ఎంత తక్కువ పడిందో నేను అడగలేదు, ఒక్కళ్ళూ నాకు చెప్పలేదు. వాళ్ళింట్లో ఏం తగ్గించుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆదివారం అత్తయ్య ఎసరు పెడుతుంటే పక్కన కూర్చున్నాను. బియ్యంలోంచి పిడికెడు తీసి కుండలో నేనే వేశాను. ఆవిడ చూసింది. ఆ రోజు అన్నం నాకు ముందు వడ్డించింది.

సోమవారం పనికి బయల్దేరానే గాని గుంత దాకా వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. మిరప చేను గట్టు దగ్గరే ఆగిపోయాను. అక్కడికి ప్రార్థన వినిపిస్తోంది. ఆమెన్ అయింది. ఆ వెంటనే కేక.

"అల్లుడుగారూ! ఆడ నిలబడి ఏం లెక్కబెడుతున్నారు? ఇట్టా రాండి!"

వెళ్ళాను. కొత్త ముక్క ఇచ్చారు మాకు. మేటమ్మ సున్నం డబ్బా నా చేతికిచ్చింది.

"దిమ్మలు యాడ వదలాలో మీరే గీత గీయండి. ఇకనుంచి అయ్యి మీ పూచీ."

"నేనా?" అన్నాను.

"మీరే. ఇంకెవరన్నా మర్చిపోయి తవ్వుతారేమో గాని, మీరు మాత్రం ఈ జన్మలో తవ్వరు."

ముందు నవ్వింది పొడుగావిడే. ఆ తరవాత ఇరవై మందిమీ నవ్వాం. నేను గుండ్రం గీస్తుంటే సున్నం గాలికి కళ్ళల్లో పడిందని చెప్పి తువ్వాలుతో తుడుచుకున్నాను. ఎవరూ నమ్మలేదు, నమ్మినట్టు ఊరుకున్నారు.

ఆ వేసవీ, ఆ మరుసటి వేసవీ దిమ్మలకి నేనే కాపలా. వాటి మీద గడ్డి ఎవరైనా తొక్కితే పూర్వపు కోపం వచ్చేది, చాక్‌పీసుకి బదులు మట్టిబెడ్డ పట్టుకునేవాణ్ణి. శుక్రవారం సాయంత్రం నేనూ టేపు పెట్టి కొలిచి, ఎంత రావాలో అందరికీ చెప్పేవాణ్ణి. శనివారం సారు రాసింది దానికి సరిపోతే పొడుగావిడ నావైపు చూసి తలూపేది. ఆ తలూపు కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి, పరీక్ష రాసిన పిల్లాడిలాగే.

రెండో ఏడు వేసవి దాటాక బ్రాడీపేట నుంచి ఫోనొచ్చింది. సెంటరు తెరుస్తున్నారు, రమ్మన్నారు. నా చివరి రోజు శనివారమైంది. సారొచ్చి దిమ్మ కొలిచి, పుస్తకంలో రాసుకుని, సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు. కొలత అయ్యాక దిమ్మతో పనిలేదు, దాన్ని తీసేసి అడుగు చదును చేస్తారు. రెండు వేసవులుగా ఆ పని చేసింది వేరేవాళ్ళు. నేను దూరంగా నిలబడేవాణ్ణి.

ఆ రోజు మేటమ్మ గడ్డపార తెచ్చి నా చేతిలో పెట్టింది. అందరూ గట్టుమీద వరసగా నిలబడ్డారు. మా ఆవిడ కూడా వాళ్ళలోనే ఉంది.

"ఇప్పుడు తవ్వు అల్లుడూ" అంది మేటమ్మ. మొదటిసారి గారు తీసేసింది. "ఇప్పుడు తవ్వితే తప్పులేదు."